జ్వరం వస్తే డాక్టరుకు ఒంటెల సంగతి కూడా చెప్పండి

నవంబరు వచ్చిందంటే కువైట్‌లో చాలా ఇళ్లల్లో ఒకటే హడావుడి. మూలన పడేసిన ఖేమా గుడ్డలు బయటికి తీసి దులుపుతారు, జనరేటరు రిపేరుకు ఇస్తారు, గ్యాసు బండలు, గిన్నెలు, దుప్పట్లు బండికెక్కిస్తారు. ఇక మార్చి దాకా శుక్ర, శనివారాలు ఎడారిలోనే. ఇంట్లో వంట చేసే అక్కలకు వంటిల్లు మారుతుంది, పని మాత్రం రెండింతలవుతుంది. డ్రైవరుగా వచ్చిన అన్నలకు బండి తోలడంతో పాటు మేకలకు దాణా వేసే పని కూడా మీద పడుతుంది. కబ్ద్, వఫ్రా, అబ్దలీ, సాల్మీ వైపు జాఖూర్లలో ఉండే మనవాళ్లకైతే ఏడాదంతా అదే బతుకు.

ఈ సీజన్లోనూ, ఇది అయిపోయిన రెండు మూడు నెలల దాకానూ మా వాలంటీర్లకు ఒక రకం ఫోన్లు ఎక్కువ వస్తాయి. “అన్నా, సాయంత్రమైతే జ్వరం వస్తాంది, పొద్దున్నే పోతాంది, పనడోల్ వేసుకుంటే తగ్గినట్టే ఉంటాంది, మళ్లీ వస్తాంది.” “నడుము పట్టేసింది, డ్యూటీకి పోకపోతే జీతం కోస్తా అంటున్నారు.” నేను చదివింది బీకాం, డాక్టరును కాను. ఏ మందు వాడాలో నన్నడగొద్దు. కానీ జీతం కోత అన్నమాట వినపడితే నాకు లెక్క గుర్తొస్తుంది. ఈ జ్వరాల్లో కొన్ని మీ ఒంట్లో పుట్టినవి కావు. మీ పని చోటు నుంచి, అక్కడున్న జంతువుల నుంచి, ఆ ఏడాది పడ్డ వాన నుంచి వచ్చినవి. ఎక్కడి నుంచి వచ్చిందో తేలితే వైద్యమూ తొందరగా కుదురుతుంది, ఖర్చు ఎవరి ఖాతాలో పడాలో కూడా తేలుతుంది.

పొంగించని పాలు

ముందు పాల సంగతి. ఒంటె పాలు షుగరుకు మంచివని, కీళ్లకు మంచివని, పిండిన వేడి మీదే తాగాలని ఇక్కడ అందరూ చెబుతారు. ఎడారి రోడ్ల పక్కన గిన్నె పెట్టి అమ్ముతారు. బాబా తాగుతాడు, పిల్లలు తాగుతారు, మనకూ ఒక గ్లాసు ఇస్తారు. ప్రేమగా ఇచ్చింది కాదనడం కష్టమే. అయితే మన ఇళ్లల్లో పచ్చిపాలు ఎవరు తాగారు చెప్పండి? కొత్త ఇంట్లోకి పోతే ముందు పాలు పొంగించాకే పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టే జాతి మనది. ఆ అలవాటు ఎయిర్‌పోర్టులో వదిలేసి రావాల్సిన పని లేదు.

పశువులున్న ఇంట పుట్టినవాళ్లకు ఈసుకుపోయే రోగం తెలుసు. చూడి పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది, మాయ సరిగా పడదు, పశువుల డాక్టరు వచ్చి “వట్టి చేత్తో ముట్టుకోవద్దు” అంటాడు. దాని పేరు బ్రూసెల్లోసిస్. గల్ఫ్‌లో ఎక్కువగా కనిపించేది గొర్రెల్లో, మేకల్లో ఉండే రకం. మనుషులకు సోకే వాటిలో అదే మొండిది. ఒంటెలకూ అంటుతుంది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు మాల్టా ద్వీపంలో ఈ క్రిమిని కనిపెట్టాడు కాబట్టి దీనికి మాల్టా జ్వరం అని పేరు. ఇక్కడి డాక్టర్లు హుమ్మా మాల్తియ్యా అంటారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇది మనిషికి వచ్చే ముఖ్యమైన దారులు రెండు. పచ్చిపాలు, వాటితో చేసిన పచ్చి జున్ను, వెన్న ఒక దారి. ఈనేటప్పుడు, ఈసుకుపోయినప్పుడు వచ్చే నీరు, మాయ, చచ్చిన పిల్ల ఇంకో దారి. చేతి మీద చిన్న గాటు ఉన్నా చాలు, లోపలికి పోతుంది.

మరి సీజన్ ఎందుకు? ఎడారిలో వాన పడేది చలికాలంలోనే. వాన బాగా పడిన ఏడు ఫిబ్రవరి, మార్చి నాటికి ఇసుక మీద పచ్చగా గడ్డి లేస్తుంది, దాన్నే వీళ్లు రబీయ్ అంటారు. మందలు బయటికి వస్తాయి, ఈతలు మొదలవుతాయి, పాలు ఎక్కువవుతాయి, మనుషులూ ఖేమాలు వేసుకుని ఆ పక్కనే ఉంటారు. పైగా ఈ క్రిమి ఎండకు తట్టుకోలేదు. జులై ఎండలో కొన్ని గంటల్లో చచ్చేది, చలికాలపు తడి మట్టిలో, పేడలో, మాయలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి బతికి ఉంటుంది. పచ్చదనం, ఈత, పాలు, చలి, జనం అన్నీ ఒకే మూడు నెలల్లో కలుస్తాయి. క్రిమి లోపలికి పోయాక జ్వరం బయటపడడానికి మామూలుగా ఒకటి నుంచి నాలుగు వారాలు, కొందరికి నెలలు కూడా పడుతుంది. అందుకే ఖేమా పీకేశాక, ఏప్రిల్‌లోనో మేలోనో మనిషి మంచం ఎక్కుతాడు. అప్పటికి పాల సంగతి ఎవరికీ గుర్తుండదు.

మా దగ్గరికి వచ్చిన ఒక డ్రైవరు తమ్ముడి సంగతి చెబుతాను, పేరు వద్దు. 20 నంబరు వీసా మీద ఇంటి డ్రైవరుగా వచ్చాడు. వారానికి రెండు రోజులు జాఖూర్‌లో పని, గొర్రెలు ఈనే కాలంలో నెలకు ఇరవై రోజులు. గ్లౌజులు లేవు. జ్వరం, రాత్రుళ్లు బనియన్ పిండేంత చెమట, నడుము నొప్పి. రెండు నెలలు పనడోల్‌తో లాగాడు. తర్వాత లీవు పేరుతో ఇంటికి పంపేశారు. ఊళ్లో టైఫాయిడ్ అని కొన్నాళ్లు, వెన్నులో టీబీ ఏమో అని కొన్నాళ్లు తిప్పారు. గల్ఫ్‌లో ఏం పని చేశావని అడిగింది మూడో డాక్టరు. రక్తపరీక్ష చేస్తే బ్రూసెల్లా. ఆరు వారాలు రెండు రకాల మందులు వాడాడు, కుదుటపడ్డాడు. కానీ ఆ లోపల అయిన అప్పు ఇంకా తీరలేదు. యజమాని దృష్టిలో అతను ఇంటి డ్రైవరు, అతనికి వచ్చింది ఊళ్లో జ్వరం. జాఖూర్‌లో పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు.

ఆరు వారాలు అన్నాను చూశారా, అది చాలా ముఖ్యం. పది రోజులకు జ్వరం పోతుంది, మనవాళ్లు మందు ఆపేస్తారు. ఈ రోగం తిరగబెట్టడానికి పెద్ద కారణం అదే. డాక్టరు రాసినన్నాళ్లూ వాడాల్సిందే.

ముక్కు కారే ఒంటె పిల్ల

రెండోది మెర్స్. 2012లో జెడ్డాలో ఒక రోగి ఊపిరితిత్తుల్లో ఈ వైరస్ బయటపడింది. కరోనా కుటుంబానిదే, కోవిడ్ కంటే కొన్నేళ్లు ముందే వచ్చింది. అప్పట్నుంచి 27 దేశాల్లో దాదాపు 2,600 కేసులు తేలాయి, అందులో 900 మందికి పైగా చనిపోయారు. కేసుల్లో నూటికి ఎనభైకి పైగా సౌదీలోనే. లెక్క చిన్నదే కదా అనుకోవచ్చు. కానీ తేలిన కేసుల్లో ముగ్గురిలో ఒకరు పోయారన్న సంగతి చూడండి. 2015లో గల్ఫ్ నుంచి తిరిగి వెళ్లిన ఒక్క ప్రయాణికుడితో దక్షిణ కొరియా ఆసుపత్రుల్లో 186 మందికి పాకింది.

ఇది ఒంటెల నుంచి వస్తుంది. ఒంటెకు మాత్రం ఏమీ కాదు, జలుబు చేసినట్టు ముక్కు కారుతుంది, అంతే. ఎక్కువగా సోకేది చిన్న ఒంటెలకు. చలికాలంలో పిల్లలు పుడతాయి, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కొన్ని నెలలకు తగ్గిపోతుంది, అప్పుడు ఒకదాన్నించి ఒకదానికి పాకుతుంది. వాతావరణం కూడా దానికి సాయం చేస్తుంది. ప్రయోగశాలలో చూస్తే 20 డిగ్రీల చల్లని పొడి గాలిలో ఈ వైరస్ వస్తువుల మీద రెండు రోజుల దాకా బతికింది. 30 డిగ్రీల ఉక్కలో ఎనిమిది గంటలు దాటలేదు. చలికాలపు రాత్రి జాఖూర్‌లో తొట్టి, తాడు, తలుపు గొళ్లెం ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఇంకో మార్పు మనుషులు తెచ్చింది. పాతరోజుల్లో ఒంటెలు ఎడారంతా తిరిగేవి. ఇప్పుడు ఊరి అంచున, కంచె లోపల, పక్కపక్కనే ఉంటున్నాయి. ఖతర్‌లో ఆరుబయట మేపడమే నిషేధించారు. పందేలకు, అందాల పోటీలకు, సంతలకు లారీల్లో వందల మైళ్లు తిరుగుతున్నాయి. ఎక్కడెక్కడి మందలో ఒక్కచోట చేరితే రోగమూ కలిసిపోతుంది. ఎడారికి గడ్డి తక్కువైతే ఒంటె కంచెలోకి వస్తుంది, ఒంటె కంచెలోకి వస్తే దాని ఊపిరి మన మొహాన పడుతుంది.

మన మొహాన అని ఊరికే అనలేదు. 2013 అక్టోబరులో ఖతర్‌లో ఒక ఒంటెల కొట్టంలో ఇద్దరికి మెర్స్ తేలింది. ఒకరు యజమాని, రెండో మనిషి అక్కడ పనిచేసే ఇరవై మూడేళ్ల కుర్రాడు. సౌదీలో పదివేల మందికి పైగా జనం రక్తం పరీక్షించి చూస్తే, మామూలు జనంతో పోల్చినప్పుడు ఒంటెల కాపరుల్లో ఈ వైరస్ సోకిన ఆనవాలు 15 రెట్లు, కబేళా పనివాళ్లలో 23 రెట్లు ఎక్కువ కనబడింది. వాళ్లలో చాలామందికి తమకు రోగం వచ్చిపోయిన సంగతే తెలియదు. ఆ కాపరులు, కబేళా పనివాళ్లు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇందులో నాకు చాలా బాధ కలిగించే విషయం ఒకటుంది. మెర్స్ ఎవరికి ప్రాణాంతకమవుతుందంటే షుగరు, కిడ్నీ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు. ఒంటె పాలు పచ్చిగా తాగమని ఎక్కువగా ఎవరికి చెబుతారు? షుగరు ఉన్నవాళ్లకే. మీలో షుగరు ఉన్నవాళ్లు ఒంటె కొట్టానికి దూరంగా ఉండడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాలు మరిగించి తాగండి, రుచి తేడా వస్తుంది, వస్తే వచ్చింది. ఒంటె మూత్రం మందని ఎవరైనా ఇస్తే దండం పెట్టి పక్కకు జరగండి.

జిజాన్‌లో ఆ ఏడాది పడిన వాన

వానకూ రోగానికీ ఉన్న లంకె అర్థం కావాలంటే 2000 సంవత్సరంలో సౌదీ దక్షిణాన, యెమెన్ సరిహద్దులో ఉన్న జిజాన్‌లో జరిగింది తెలుసుకోవాలి. అక్కడ పనిచేసిన మనవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు.

రిఫ్ట్ వ్యాలీ జ్వరం అని ఆఫ్రికాలో ఒక పశువుల రోగం ఉంది. దోమల ద్వారా గొర్రెలకు, ఆవులకు వస్తుంది. వస్తే మందకు మందే ఈసుకుపోతుంది, చిన్న పిల్లలు చచ్చిపోతాయి. దోమకాటుతో గానీ, జబ్బుపడ్డ పశువు రక్తం తగిలి గానీ మనిషికి సోకుతుంది. ఎక్కువమందికి మామూలు జ్వరంలా వచ్చిపోతుంది, కొందరికి లివరు దెబ్బతింటుంది, కొందరికి కళ్లు, ఇంకొందరికి మెదడు. ఈ వైరస్‌ను మోసే దోమల్లో కొన్ని జాతులు ఎండిన మట్టిలో గుడ్లు పెడతాయి. వాన లేకపోతే ఆ గుడ్లు ఏళ్ల తరబడి అట్లాగే ఉంటాయి. మన దగ్గర తొలకరి పడిన రాత్రి కప్పలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియనట్టు, నీళ్లు నిలవగానే దోమలు ఒక్కసారిగా లేస్తాయి.

1997, 98లో ఎల్ నినో వల్ల తూర్పు ఆఫ్రికాలో విపరీతంగా వానలు పడ్డాయి, కెన్యా, సోమాలియాల్లో ఈ రోగం పెద్దఎత్తున వచ్చింది. ఎర్రసముద్రానికి అటు వాళ్లు, ఇటు వీళ్లు. అటు నుంచి ఇటు ఓడల్లో లక్షలకొద్దీ గొర్రెలు, మేకలు వస్తూనే ఉంటాయి. 2000లో జిజాన్ కొండల్లో వాన బాగా పడి, వాదీల్లో నీళ్లు పారి, కింద తీరప్రాంతపు పొలాలన్నీ తడిశాయి. సెప్టెంబరులో మనుషులకు జ్వరాలు మొదలయ్యాయి. అరేబియాలో, ఆసియా మొత్తంలో అంతకుముందు ఈ రోగం లేదు. సౌదీలోనే 880కి పైగా కేసులు తేలాయి, 120 మందికి పైగా చనిపోయారు. యెమెన్‌లో ఇంకో వెయ్యి పైచిలుకు. పరీక్ష చేసి చూస్తే ఆ వైరస్ 1997, 98లో ఆఫ్రికాలో తిరిగినదానికి దగ్గరి చుట్టమే.

చూడండి, ఒక సముద్రానికి అవతల పడిన వాన, ఒక ఓడ, రెండేళ్ల తర్వాత ఇవతల పడిన ఇంకో వాన. ఈ మూడూ కలిస్తే కొట్టంలో పేడ ఎత్తే మనిషికి జ్వరం వచ్చింది. కాబట్టి ఎడారిలో ఎప్పుడూ పడనంత వాన పడిందని వార్త వస్తే ఫోన్లో వీడియోలు తీసుకుని ఊరుకోకండి. మందలో ఒకేసారి చాలా గొర్రెలు ఈసుకుపోతున్నాయంటే అది కఫీల్‌కు నష్టం మాత్రమే కాదు, మీకు హెచ్చరిక. ముట్టుకోకముందే చెప్పండి, పశువుల డాక్టరును పిలిపించమనండి.

డెంగీ సంగతి వేరు. అది దోమ ద్వారా మనిషి నుంచి మనిషికి వచ్చేది, జంతువుల రోగం కాదు. కానీ మనవాళ్లు సైట్లలో ఉంటారు కాబట్టి ఒక మాట. జెడ్డాలో 1994 నుంచి డెంగీ ఉంది. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో అల్ ఐన్ దగ్గర ఒక్క రోజులో 254 మిల్లీమీటర్ల వాన పడింది, 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన లేదు. ఆ నిలవ నీళ్ల తర్వాత అక్కడా డెంగీ బెడద పెరిగింది. సైటులో డ్రమ్ములు, పునాది గుంటలు, క్యాంపులో ఏసీ నీళ్లు కారే బక్కెట్లు చూసుకోండి. బయట యాభై డిగ్రీల ఎండలో దోమ బతకదు, మన ఏసీ బక్కెట్ దగ్గర హాయిగా బతుకుతుంది.

సాయంత్రం షిఫ్టు, ఇసుక ఈగ

కన్‌స్ట్రక్షన్ అన్నలు ఇది చదవండి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పనిచేయించకూడదు. మంచి రూలు, దాన్ని వదులుకోవద్దు. అయితే పని తెల్లవారుజామునకు, సాయంత్రానికి జరిగింది. ఇసుక ఈగ కుట్టే వేళ కూడా సరిగ్గా అదే, పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా.

దోమలో మూడో వంతు ఉంటుంది, చప్పుడు చేయదు, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. సౌదీ తూర్పున అల్ అహ్సా ఒయాసిస్‌లో ఇది ఎడారి ఎలుకల బొరియల్లో ఉంటుంది. ఉప్పునేలలో పెరిగే కండగల పొదలు ఆ ఎలుక తిండి, ఆ పొదల కిందే బొరియ. ఎలుకలో ఉన్న క్రిమి ఈగకు, ఈగ నుంచి మనిషికి. ఎడారి ఎడారిగా ఉన్నన్నాళ్లు అది ఎలుకల గొడవ. కాలనీలు, రోడ్లు, లేబర్ క్యాంపులు ఆ పొదల మధ్యకు పోయాక మన గొడవైంది. స్థానికులకు చిన్నప్పుడే వచ్చిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ అంతగా రాదు. కొత్తగా దిగినవాళ్లకే పుండ్లు.

కుట్టిన కొన్ని వారాలకు, నెలలకు మొహం మీదో చేతి మీదో చిన్న పొక్కు లేచి నెమ్మదిగా పుండవుతుంది. నొప్పి పెద్దగా ఉండదు, తొందరగా మానదు, మానినా మచ్చ మిగులుతుంది. ఇరాక్, కువైట్ వైపు దీన్ని హబ్బత్ బగ్దాద్ అంటారు. వేసవిలో కుడితే చలికాలానికి పుండు తేలుతుంది, కాబట్టి ఆయింట్‌మెంట్లు పూస్తూ కూర్చోకుండా చర్మ డాక్టరుకు చూపించండి. అల్ అహ్సాలో పొదలు దున్నించి, బొరియలు పూడ్చి, చెట్లు నాటించి దీన్ని బాగా తగ్గించారు. క్యాంపు చుట్టూ పొదలు, బొరియలు ఉంటే ఫోర్‌మెన్‌తో అడగదగ్గ పనే అది. అది జరిగేలోగా పొడుగు చేతుల చొక్కా, సన్న కన్నాల తెర, ఫ్యాను. ఈగ ఫ్యాను గాలికి ఎగరలేదు.

పండగ మాంసం

బక్రీద్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ మధ్య ఏళ్లలో అది వేసవిలో పడింది, 2022లో జులైలో, 2025లో జూన్‌లో. పిడుదులు చురుగ్గా ఉండేది కూడా వేడి నెలల్లోనే. గొర్రె మీద ఉండే ఒక రకం పిడుదు వల్ల క్రిమియన్ కాంగో జ్వరం వస్తుంది. 2022లో మన పక్కనే ఉన్న ఇరాక్‌లో మే నెల మూడో వారానికే 212 కేసులు, 27 మరణాలు. ఎక్కువమంది మందలు పెంచేవాళ్లు, కసాయి పనివాళ్లు. కోవిడ్ ఏళ్లలో పశువులకు మందు కొట్టడం ఆగిపోయిందని అక్కడి అధికారులే చెప్పారు.

ఇంటిపని చేసే అక్కలకు చెప్పేది ఇదే. వండిన మాంసంతో భయం లేదు. భయమల్లా అప్పుడే కోసిన జంతువు రక్తంతోనే. కోసే చోట రక్తం కడగమంటే గ్లౌజులు అడగండి, అవి వంటింట్లో ఉండే గ్లౌజులే, కొత్తగా కొనక్కర్లేదు. పిడుదును వేళ్లతో నలపకండి.

ఖర్చు ఎవరిది

ఇక నా సబ్జెక్టు. కువైట్‌లో 18 నంబరు వీసా మీద కంపెనీలో ఉన్నవాళ్లకు 2010 నాటి 6వ నంబరు లేబర్ చట్టం వర్తిస్తుంది. జబ్బు చేస్తే ఏడాదికి మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత పది రోజులు ముప్పావు, ఇంకో పది రోజులు సగం, ఇంకో పది రోజులు పావు, ఆపైన 30 రోజులు జీతం లేని సెలవు. కంపెనీ డాక్టరో గవర్నమెంటు క్లినిక్ డాక్టరో ఇచ్చిన చీటీ ఉండాలి. ఆర్‌ఎంపీ వాట్సాప్‌లో పంపిన చీటీ పనికిరాదు. అదే చట్టంలో పని ప్రమాదాలతో పాటు వృత్తి రోగాలకూ పరిహారం ఉంది, పనికి కావాల్సిన రక్షణ సామగ్రి యజమానే ఉచితంగా ఇవ్వాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి రోగాల జాబితాలో, క్రిముల వల్ల వచ్చేవాటిలో మొట్టమొదటి పేరు బ్రూసెల్లోసిస్. గొర్రెల కాపరికి అది రావడమంటే తాపీమేస్త్రి పరంజా మీద నుంచి పడడంలాంటిదే. సౌదీలో ఉన్న చదువరులకు చేదు మాట: అక్కడ సొంత మందల కాపరులు ప్రధాన లేబర్ చట్టం బయటే ఉన్నారు. కంపెనీవాళ్లకు మాత్రం 30 రోజులు పూర్తి జీతం, తర్వాత 60 రోజులు ముప్పావు జీతం ఉంది.

20 నంబరు వాళ్లకు 2015 నాటి 68వ నంబరు ఇంటిపనివారి చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు. తిండి, మందులు, వైద్యం యజమాని బాధ్యత. ఆరోగ్యానికి ప్రమాదమయ్యే పని చెప్పకూడదని కూడా అందులో ఉంది. ఈసుకుపోయిన గొర్రె మాయ వట్టి చేత్తో తీయమనడం ఆ కిందికే వస్తుందని నా అభిప్రాయం.

హక్కు ఉన్నా కాగితం లేకపోతే ఆఫీసులో నిలబడదు. ఆ డ్రైవరు తమ్ముడికి జరిగింది అదే. కాబట్టి జాఖూర్‌కు, ఖేమాకు పంపినప్పుడల్లా తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి, తెలుగులోనే రాయండి. బాబా పంపిన లొకేషన్, వాయిస్ మెసేజులు చెరపకండి. అక్కడ దిగిన ఫోటో ఒకటి ఇంటికి పంపి ఉంచండి. ఫోన్ పోయినా అది ఉంటుంది. టెస్టు రిపోర్టు కఫీల్ దగ్గర వదిలేయకుండా ఫోటో తీసుకోండి.

డాక్టరు దగ్గర మాట రాక ఇబ్బంది పడేవాళ్లు ఈ ముక్కలు నేర్చుకోండి. అందీ హరారా అంటే నాకు జ్వరం. అనా అష్తగల్ వియ్యా జిమాల్, గనమ్ అంటే ఒంటెలు, గొర్రెలతో పనిచేస్తాను. షరిబ్త్ హలీబ్ మూ మగ్లీ అంటే మరగని పాలు తాగాను. ఊపిరాడకపోతే ఎవరి పర్మిషన్ కోసమూ ఆగకుండా 112కు ఫోన్ చేయండి.

లీవులో ఇంటికి వెళ్లినవాళ్లు రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు వస్తే ఒంటెల దగ్గర ఉండి వచ్చామని కడపలోనైనా, అమలాపురంలోనైనా, జగిత్యాలలోనైనా డాక్టరుకు ముందే చెప్పండి. నెలల తర్వాత జ్వరం, నడుము నొప్పి వచ్చినా సరే, బ్రూసెల్లా పరీక్ష చేయమని అడగండి. ఈ కాగితం మడిచి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుంటే అక్కడ చూపించడానికి పనికొస్తుంది.